సార్జెంట్ పోర్ట్రెయిట్ ఎలా వేసేవారు? పోలిక ఎక్కడ దొరుకుతుంది?

మీరు అడిగినవి మూడు సంగతులు. ఫొటో మీద గళ్లు గీసి కాన్వాస్ మీదికి ఎక్కించి వేస్తున్నారు, కొలతలన్నీ సరిపోతున్నాయి, అయినా బొమ్మలో మనిషి కనిపించడం లేదు. అమెరికన్ పోర్ట్రెయిట్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ బొమ్మల్లో ఒక్కో కుంచె దెబ్బకు ముక్కు, పెదవి వచ్చేస్తాయి, ఆ వేగం ఎలా వస్తుందో తెలుసుకోవాలని ఉంది. పోర్ట్రెయిట్ల మీదే ఇల్లు గడుస్తుందా అన్నది మూడోది. చాలా ఏళ్లుగా ఆయిల్స్‌లో పోర్ట్రెయిట్లు వేసే బతుకుతున్నాను. అందుకని మూడింటికీ నాకు తెలిసింది చెబుతాను. సార్జెంట్ విషయంలో ముందే ఒక మాట. కాన్వాస్ మీద మీరు చూస్తున్న ఆ ఒక్క దెబ్బకు ముందు ఆయన గీకి పారేసిన దెబ్బలు చాలా ఉన్నాయి. మనం నేర్చుకోవలసిందంతా అక్కడే ఉంది.

ఆయన 1856లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టారు. తల్లిదండ్రులు అమెరికన్లు. ఫిలడెల్ఫియాలో డాక్టరుగా ఉన్న తండ్రి ఆ పని మానేసి కుటుంబంతో యూరప్‌లో ఊళ్లు తిరుగుతూ ఉండిపోయారు. దాంతో పిల్లవాడికి బడి చదువు కుదురుగా సాగలేదు గానీ స్కెచ్ పుస్తకం మాత్రం ఎప్పుడూ చేతిలోనే ఉండేది. 1874లో, 18 ఏళ్ల వయసులో, పారిస్‌లో కారోలుస్-ద్యురాన్ అనే పోర్ట్రెయిట్ చిత్రకారుడి స్టూడియోలో చేరారు. ముందు చాలాకాలం డ్రాయింగ్, తర్వాత ఒకే రంగులో అడుగు పూత, ఆ పైనే రంగులు అనే పద్ధతి అప్పట్లో నడిచేది. కారోలుస్ మాత్రం శిష్యులతో నేరుగా రంగులోనే పని చేయించేవారు. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్‌ను చూడండి, మళ్లీ మళ్లీ చూడండి అని వెంటపడేవారు.

కారోలుస్ నేర్పిన అసలు విషయం హాఫ్‌టోన్. ముఖం మీద వెలుగు గట్టిగా పడ్డ చోటును, చిక్కటి నీడను కాసేపు పక్కన పెట్టి, ఆ రెంటికీ మధ్య ఉన్న టోన్‌ను (టోన్ అంటే రంగు ఎంత ముదురు, ఎంత లేత అన్నది) ముందు పట్టుకోవాలి. ముఖంలో ఎక్కువ భాగం అదే. అది సరైన చోట సరైన బరువుతో పడితే నీడలు, మెరుపులు చివర్లో కొద్దిపాటి దెబ్బలతో తేలిపోతాయి. సార్జెంట్ పెద్దవాడయ్యాక తన దగ్గరికి వచ్చినవాళ్లకూ ఇదే చెప్పారు. నుదుటి మెరుపు, కంటి మెరుపు ముందే పెట్టేసిన బొమ్మలో మిగతా టోన్లన్నీ ఆ మెరుపుతో పోటీ పడతాయి, దేని స్థానం దానికి దొరకదు. 1879లో ఆయన స్పెయిన్ వెళ్లి వెలాస్కెజ్ బొమ్మలకు నకళ్లు వేసుకున్నారు. మరుసటి ఏడాది హాలండ్‌లోని హార్లెమ్ వెళ్లి అక్కడి పాత చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ బొమ్మలకు వేసుకున్నారు. పేరు రావడం అప్పటికే మొదలైంది, అయినా పెద్దవాళ్ల బొమ్మల ముందు కూర్చుని నకలు వేయడం మానలేదు.

ఇక పని చేసే తీరు. ఈజిల్‌ను, అంటే కాన్వాస్ పెట్టే స్టాండును, ఎదుటి మనిషి పక్కనే, ఆ మనిషి మీద పడే వెలుగులోనే నిలబెట్టేవారు. తాను చాలా అడుగులు వెనక్కి వెళ్లి నిలబడేవారు. అక్కడి నుంచి చూస్తే మనిషి తల, కాన్వాస్ మీది తల పక్కపక్కన ఒకే కొలతలో కనిపిస్తాయి. వెనక నుంచి చూసి, ఏ టోన్ ఎక్కడ పడాలో నిర్ణయించుకుని, ముందుకు నడిచి ఆ దెబ్బ వేసి, మళ్లీ వెనక్కి. సిట్టింగ్ అంతా, అంటే మనిషి ఎదురుగా ఉన్న ఆ పూటంతా, ఇదే నడక. దీన్ని సైట్-సైజ్ పద్ధతి అంటారు. ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు, అంతకు ముందూ ఉంది. కానీ దాన్ని అంత నిష్ఠగా వాడినవాళ్లు తక్కువ.

మీ సమస్యకు మందు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గళ్ల పద్ధతిలో మీరు కాన్వాస్‌కు జానెడు దూరంలో ఉండి, ఒక గడిలో కన్ను మూల, ఇంకో గడిలో ముక్కుపుటం అని ముక్కలు ముక్కలుగా ఎక్కిస్తారు. ప్రతి ముక్కా సరిగ్గానే ఉంటుంది. కానీ మనిషిని మనం అలా గుర్తుపట్టం. వీధి చివర నడిచి వస్తున్న మీ నాన్నగారిని కళ్లు, ముక్కు కనబడకముందే గుర్తుపడతారు. తల ఆకారం, మెడ మీద అది కూర్చున్న తీరు, కనుబొమల కింద గుంటలో పడే నీడ, చెంప మీద వెలుగు ఆగిపోయే చోటు, ఇవే ఆ దూరానికి కనిపించేవి. పోలిక ఉండేది అక్కడ. దగ్గర నుంచి వేసిన బొమ్మకు ఆ దూరపు పోలిక ఉండదు, అందుకే కొలతలు సరిపోయినా మనిషి దొరకడం లేదు.

సార్జెంట్ తలను మొదలుపెట్టే క్రమం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు రాసి పెట్టారు. ముందు బొగ్గుతో తల ఎక్కడ ఉండాలి, భుజాలు ఎంతవరకు అన్న హద్దులు పెట్టుకునేవారు. తర్వాత టర్పెంటైన్‌తో పలచన చేసిన రంగుతో జుట్టు, వెనక గోడ, బట్టల ముద్దలు రుద్దేవారు. ముఖం చుట్టూ ఉన్నవి ముందు పడాలన్నది ఆయన పట్టుదల. తెల్ల కాన్వాస్ మధ్యలో ముఖం వేస్తే ఏ టోన్ అయినా నల్లగా కనిపిస్తుంది, చేయి తెలియకుండానే రంగును లేతగా చేసేస్తుంది. చుట్టూ నిండాక ముఖానికి ఒక పెద్ద హాఫ్‌టోన్, దాని మీద నీడ భాగం. ఇంతవరకూ కళ్లు లేవు, పెదవులు లేవు. దవడ, నుదురు, చెంప ఎముక, కంటి గుంట తలగా నిలబడ్డాకే కళ్లూ నోరూ పడతాయి. తల సరిగ్గా కట్టి ఉంటే అవి రెండు మూడు దెబ్బల పని. మీకు వేగంగా కనిపిస్తున్నది ఈ చివరి దశ.

రంగు విషయంలో పిసినారితనం ఆయనకు నచ్చేది కాదు. పాలెట్ మీద ధారాళంగా రంగు పెట్టుకోమని, పెద్ద కుంచెలు వాడమని శిష్యులకు చెప్పేవారు. రంగు తక్కువైతే కుంచె కాన్వాస్ మీద గీరుకుంటుంది, అంచు తడిగా కలవదు. మన దగ్గర ట్యూబుల ధర చూసి విద్యార్థులు బఠాణీ గింజంత రంగు పిండుతారు. అర్థం చేసుకోగలను. కానీ చిన్న కాన్వాస్ తీసుకోండి, రంగు మాత్రం తగ్గించకండి. ఆయన పాలెట్‌లో తెలుపు, వెర్మిలియన్, మాడర్, మార్స్ ఎల్లో, రా సియెన్నా, విరిడియన్, కోబాల్ట్ లాంటివి ఉండేవి, నలుపు తప్పకుండా ఉండేది. ఒకసారి సార్జెంట్ ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే రంగులతో పని చేయబోయి నలుపు అడిగితే, నా దగ్గర లేదు అన్నారట మోనే. అయితే నేను వేయలేను, మీరెలా వేస్తారు అని సార్జెంట్ తెల్లబోయారని మోనేయే చెప్పారు. నలుపు వాడకూడదని ఇప్పుడు చాలామంది పిల్లలకు నేర్పుతున్నారు. పోర్ట్రెయిట్‌కు ఆ నియమం అక్కర్లేదు. నలుపు, తెలుపు కలిపిన బూడిద రంగు ఎర్రటి చర్మం పక్కన నీలంగా కనిపిస్తుంది. చల్లటి హాఫ్‌టోన్లకు అంతకంటే నమ్మకమైనది నాకు దొరకలేదు.

మన చర్మాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పాశ్చాత్య పుస్తకాలు ఇక్కడ తోడు రావు. ఫ్లెష్ టింట్ అని అమ్మే ట్యూబు కొనకండి. మన చామనఛాయలో రా సియెన్నా, లైట్ రెడ్, బర్న్ట్ సియెన్నా పునాది. హాఫ్‌టోన్‌లో కొంచెం ఆకుపచ్చ తిరుగుతుంది, అందుకు చిటికెడు విరిడియన్ లేదా నలుపు. నల్లటి చర్మం మీద మెరుపులు ఎక్కువగా చల్లగా, నీలంగా ఉంటాయి, కిటికీ వెలుగులో ఆకాశమే నుదుటి మీద కనబడుతుంది. వాటిని ఉత్తి తెలుపుతో వేస్తే ముఖానికి పౌడర్ రాసినట్టు ఉంటుంది. చామనఛాయ మనిషిని తెల్లగా వేయమని ఇంటివాళ్లు అడుగుతారు. నేను ఒప్పుకోను. రంగు మారితే టోన్ మారుతుంది, టోన్ మారితే మనిషి మారిపోతాడు. అలా ముందే చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు.

గీకడం గురించి. తల కుదరకపోతే దిద్దుతూ కూర్చోవడం సార్జెంట్ అలవాటు కాదు. కత్తితో మొత్తం గీకేసి మళ్లీ మొదటి నుంచి వేసేవారు. బోస్టన్‌లో 1888లో ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ బొమ్మ ఎనిమిది సార్లు కుదరక తొమ్మిదోసారి నిలిచిందని చెబుతారు. మరోవైపు 1892లో వేసిన లేడీ ఆగ్న్యూ బొమ్మ ఆరు సిట్టింగుల్లోనే అయిపోయింది. అది ఇప్పుడు ఎడిన్‌బరోలో ఉంది. ఆ తెల్ల పట్టుబట్ట, లేత ఊదా నడికట్టు, కుర్చీలో వాలిన ఆ మనిషి చూపు చూస్తే ఎక్కడా తడబాటు కనిపించదు. ఎనిమిదిసార్లు గీకిన చేతికీ ఆరు సిట్టింగుల్లో ముగించిన చేతికీ తేడా లేదు. బొమ్మ పూర్తయ్యాక శ్రమ కనబడకూడదని ఆయన కోరుకున్నారు, కనబడితే గీకేశారు. మీరు ఒక కంటిని గంటసేపు దిద్దుతున్నారంటే ఆ కన్ను తప్పు చోట ఉందన్నమాట. దిద్దినకొద్దీ అది అందంగా తయారవుతుంది, చోటు మాత్రం మారదు. తడిగా ఉండగానే పాలెట్ కత్తితో తీసేయండి. గీకాక మిగిలే పలచటి మరక మీద వేస్తే రెండో ప్రయత్నం తేలికగా వస్తుంది.

మీరు ఫొటోలతో పని చేయక తప్పదు, అది నాకు తెలుసు. మన దగ్గర ఆర్డర్లలో ఎక్కువ భాగం పోయినవాళ్ల బొమ్మలే. చేతికిచ్చేది పాస్‌పోర్ట్ సైజు ఫొటో, లేదంటే పెళ్లి గ్రూప్ ఫొటోలో రెండో వరుసలో ఉన్న తల. ఎదురుగా ఫ్లాష్ కొట్టిన ఫొటోలో నీడలుండవు, నీడ లేకపోతే ఎముక తెలియదు. అలాంటప్పుడు నేను చేసేది ఇది. ఆ ఇంట్లో పోలికలున్న కొడుకునో, చెల్లెలినో ఒక పూట వచ్చి కిటికీ పక్కన కూర్చోమంటాను. ఎడమవైపు, కొంచెం పై నుంచి వెలుగు. ఆ తల మీద వెలుగు ఎలా తిరుగుతోందో బొగ్గుతో రాసుకుంటాను. కొలతలు ఫొటో నుంచి, వెలుగు ఈ మనిషి నుంచి. ఇంకో పనీ చేస్తాను. పోయినాయన ఎలా కూర్చునేవారు, మాట్లాడేటప్పుడు తల ఎటు వంచేవారు, కళ్లజోడు ముక్కు మీద ఎక్కడ ఉండేది అని ఇంట్లో ఆడవాళ్లను అడుగుతాను. ఫొటోలో లేనివి వాళ్లకు తెలుసు. ఫొటోను పెద్దగా ప్రింట్ తీసి కాన్వాస్ పక్కనే నిలబెట్టి, ఆరేడు అడుగుల దూరం నుంచి చూడండి. ఒళ్లో పెట్టుకుని వేయకండి. గళ్లు కావాలంటే తల కొలత వరకు గీసుకోండి, తర్వాత చెరిపేయండి.

కుదిరినప్పుడల్లా మాత్రం ఎదురుగా మనిషిని కూర్చోబెట్టండి. ఇంట్లో అమ్మమ్మ పప్పు ఏరుతుంటే వేయండి, తమ్ముడు ఫోన్ చూస్తుంటే వేయండి. కదులుతారు, కదలనీండి. కదిలే మనిషిలోంచి ఏది గుర్తుంచుకోవాలో ఎంచుకోవడమే మీరు ఫొటో దగ్గర ఎప్పుడూ చేయని పని. సార్జెంట్ సిట్టింగ్ మధ్యలో పియానో వాయించేవారు, కబుర్లు చెప్పేవారు. ఎదుటి మనిషి ముఖంలో ప్రాణం ఉండగా చూడాలని. 1903లో వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను ఎక్కడ నిలబెట్టాలో తోచక ఇద్దరూ గదులన్నీ తిరిగారట. మీకేం కావాలో మీకే తెలియదు అని రూజ్‌వెల్ట్, పోజు అంటే ఏమిటో మీకు తెలియదు అని సార్జెంట్. మెట్ల దగ్గర రూజ్‌వెల్ట్ చిరాగ్గా కటకటాల స్తంభం మీద చేయి వేసి వెనక్కి తిరిగారు. కదలకండి అన్నారు సార్జెంట్. ఆ చేయి, ఆ చూపు ఇప్పటికీ బొమ్మలో ఉన్నాయి. రోజూ భోజనం తర్వాత అరగంట మాత్రమే దొరికేదట. దేశాధ్యక్షుడి దగ్గరే అరగంట చాలింది. మీ కస్టమర్ టైమ్ లేదంటే భయపడకండి.

ఇక బతుకు సంగతి. సార్జెంట్ కూడా మెట్టు మెట్టుగా పైకి వెళ్లలేదు. 1884లో పారిస్ సలోన్ అనే పెద్ద చిత్ర ప్రదర్శనలో మదామ్ గోత్రో అనే ప్రసిద్ధ సుందరి బొమ్మ పెట్టారు. అది ఆర్డర్ కాదు, ఆయన ఇష్టపడి అడిగి వేసింది. నల్ల గౌను, పాలిపోయిన చర్మం, భుజం మీంచి జారిన పట్టీ. ఊరంతా గోల. ఆమె తల్లి వచ్చి బొమ్మ తీసేయమని బతిమాలింది. ఆయన తీయలేదు, తర్వాత పట్టీని భుజం మీదికి దిద్దారు గానీ పారిస్‌లో ఆర్డర్లు ఆగిపోయాయి. లండన్ వెళ్లి చెల్సియాలోని టైట్ స్ట్రీట్‌లో స్టూడియో పెట్టుకున్నారు. అక్కడా మొదట్లో జనం జంకారు. 1887లో అమెరికా వెళ్లొచ్చాక గాలి తిరిగింది. ఆ గోత్రో బొమ్మను ఆయన అమ్మకుండా తన దగ్గరే ఉంచుకుని 1916లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి 1,000 పౌండ్లకు ఇచ్చారు. తాను వేసినవాటిలో బహుశా ఇదే మేలైనదని అప్పుడు రాశారు.

పేరు నిలదొక్కుకున్నాక నిలువెత్తు బొమ్మకు 1,000 గినీలు (గినీ అంటే పౌండు కంటే కాస్త ఎక్కువ) తీసుకునే స్థాయికి వచ్చారు. లండన్‌లో ఆషర్ వెర్త్‌హైమర్ అనే కళావస్తువుల వ్యాపారి ఒక్కరే తన కుటుంబం కోసం 12 బొమ్మలు వేయించుకున్నారు. అంత డిమాండ్ ఉండగా 1907 ప్రాంతంలో పోర్ట్రెయిట్ ఆర్డర్లు తీసుకోవడం దాదాపు మానేశారు. రచయిత హెన్రీ జేమ్స్, చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్, అమెరికా అధ్యక్షుడు విల్సన్ లాంటి కొద్దిమందికి తప్ప మళ్లీ వేయలేదు. అలసిపోయారు. రంగులతో వచ్చిన అలసట కాదది, మనుషులతో వచ్చింది. పోర్ట్రెయిట్ అంటే నోటి దగ్గర ఏదో తేడా ఉన్న బొమ్మ అని ఆయన పేరు మీద ఒక మాట చెప్పుకుంటారు. ఈ వృత్తిలో ఉన్న ఎవరికైనా అది వినగానే అర్థమవుతుంది. బొమ్మ చూడ్డానికి వచ్చిన బంధువుల్లో ఒకరు తప్పకుండా నోరు కొంచెం తేడాగా ఉందండీ అంటారు. ఆ మాటను కొట్టిపారేయకండి. చాలాసార్లు తేడా నోట్లో ఉండదు, బుగ్గకూ పైపెదవికీ మధ్య నీడలో ఉంటుంది, లేదా గడ్డం కొంచెం పొడవై ఉంటుంది. వాళ్లకు తేడా తెలుస్తుంది, చోటు తెలియదు. పెదవి ముట్టుకోకుండా ముందు దాని చుట్టూ వెతకండి.

పోర్ట్రెయిట్లు మానేశాక కూడా అడిగేవాళ్లు ఆగలేదు. వాళ్ల కోసం ఆయన బొగ్గుతో తల బొమ్మలు వేసిచ్చేవారు, ఒకే సిట్టింగ్‌లో, మూడు గంటల్లోపు. అలాంటివి వందల కొద్దీ ఉన్నాయి. నన్నడిగితే మీలాంటివాళ్లు ఆయిల్స్ కంటే ముందు వీటిని చూడాలి. బొగ్గు రుద్దిన బూడిద రంగు హాఫ్‌టోన్, గట్టిగా నొక్కిన చోట నీడ, బ్రెడ్ ముక్కతోనో రబ్బరుతోనో తీసిన చోట వెలుగు. ఆయిల్స్‌లో చేసేదంతా అక్కడ రంగు గొడవ లేకుండా ఉంది. రోజుకొక తల బొగ్గుతో వేయండి. కాగితం మొత్తం ముందే బొగ్గుతో బూడిద రంగు చేసుకుని, వెలుగును రబ్బరుతో బయటికి తీయండి. ముక్కుపుడక మెరుపు, కంటి మెరుపు చివర్లోనే, అదీ ఒక్కసారే.

ఇల్లు గడుస్తుందా అంటే, గడుస్తుంది. కానీ ఉత్త నిలువెత్తు ఆయిల్స్ మీద కాదు. కాలేజీ వ్యవస్థాపకుల బొమ్మలు, రిటైరైన హెడ్‌మాస్టర్లకు పాత విద్యార్థులు వేయించేవి, గుళ్లలో దాతలవి, విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నల షష్టిపూర్తికి అడిగేవి, ఇవన్నీ కలిస్తే ఒక ఏడాది నడుస్తుంది. సగం డబ్బు ముందే తీసుకోండి. బొగ్గు స్కెచ్ దశలో ఇంటి పెద్దను పిలిచి చూపించి ఒప్పించుకోండి. పది మంది ఒకేసారి చూస్తే పది మాటలు వస్తాయి, అందుకని నిర్ణయం ఒక్కరిదే అని మొదటే మాట్లాడుకోండి. మార్పులు ఎన్నిసార్లు చేస్తారో కూడా. మొహమాటానికి పోయి ఇవి వదిలేసినవాళ్లు నెలల తరబడి ఒకే బొమ్మ దిద్దుతూ ఉండటం నేను చూశాను. ఒకాయన నాతో వేయించుకుని, బొమ్మ తీసుకెళ్లి, మిగతా డబ్బు ఇవ్వలేదు. అప్పటి నుంచి మొత్తం అందాకే బొమ్మ గుమ్మం దాటుతుంది.

హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ ఆయిల్ పెయింటింగ్స్ ఉన్న చోట ఒక పూట గడపండి. ఒకే బొమ్మ ముందు దగ్గరగా, దూరంగా మార్చి మార్చి నిలబడి, ఏ దూరంలో రంగు మరకలు చర్మంగా మారుతున్నాయో చూడండి. ఫోన్ తెరమీద సార్జెంట్‌ను ఎంత పెద్దది చేసి చూసినా ఇది తెలియదు, ఎందుకంటే తెరకు మీకు మధ్య దూరం మారదు. మ్యూజియంలో ఆ నడక అలవాటైతే ఇంట్లో ఈజిల్ ముందు కూడా కాళ్లు వాటంతటవే వెనక్కి నడుస్తాయి.

వార్నిష్ ఎప్పుడు వేయాలి అని కూడా రాశారు. రంగు మందంగా ఉంటే కనీసం ఆరు నెలలు ఆగండి, ఏడాది అయితే మరీ మంచిది. పైకి ఆరినట్టు ఉన్నా లోపల నూనె ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. కస్టమర్ తొందరపెడితే బొమ్మ ఇచ్చేయండి, వార్నిష్ వేయడానికి మళ్లీ వస్తానని చెప్పండి. ఆ రోజు వెళ్లినప్పుడు ఇంట్లో బొమ్మ ఏ గోడకు ఉందో, ఎండ తగులుతోందో లేదో కూడా చూసి రావచ్చు.